గాలి ఒంటి కొలత

నర్సీపట్నంలో పెళ్ళి జరిగినా, దినం జరిగినా, ఎన్నికల సభ జరిగినా, జనం తలల మీద పరుచుకున్న నీడలో ఎక్కడో ఒకచోట కరుణకుమారి సూది గుచ్చిన జాగా ఉంటుంది. ఎవరూ తలెత్తి చూడరు. ఆమె మాత్రం చూస్తుంది. పెళ్ళి భోజనానికి పిలిస్తే విస్తరి ముందు కూర్చుని, అన్నం వడ్డించేలోపు పైకి చూసి, తన అతుకులన్నీ బాగున్నాయో లేదో ఒకసారి పలకరించుకుని, అప్పుడు చెయ్యి కడుక్కుంటుంది.

ఆ పని ఆమెకు తాత దగ్గర్నుంచి వచ్చింది. పూర్వం మిషను దొరలు కొయ్యూరు కొండల్లోకి సువార్తకు వెళ్ళేటప్పుడు గుడారాలు మోయించుకుని వెళ్ళేవారు. ముళ్ళకు చిరిగిన ఆ గుడారాలను దొరసాని చూపించినట్టు కుట్టడం తాత నేర్చుకున్నాడు. తాత నుంచి తండ్రి సాల్మన్‌రాజుకు, ఆయన నుంచి కరుణకుమారికి ఒక తోలు పట్టీ, ఒక మైనం ముద్ద, మూడు పలకల సూదులు నాలుగు దక్కాయి. వాటితోపాటు ఒక కట్టడి కూడా. గుడ్డకు పొట్ట రాకూడదు.

ఆ కట్టడి వెనక ఒక వాన ఉంది. ఆమెకు పదకొండేళ్ళప్పుడు గొలుగొండలో చర్చివాళ్ళ ఉజ్జీవ సభలు జరిగాయి. సాల్మన్‌రాజు కుట్టిన పందిరి నడుమ ఎక్కడో ఒక అతుకు వదులైంది. రెండో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. నీళ్ళు ఆ వదులులో చేరాయి, గుడ్డ సంచిలా దిగింది, నిండు గేదె కడుపులా వేలాడింది. పాస్టరు గారు నోవహు ఓడ గురించి చెబుతుండగా అది పగిలి ఆయన మీదా, పాటలు పాడే ఆడపిల్లల మీదా కుమ్మరించింది. జనం నవ్వారు. సాల్మన్‌రాజు నవ్వలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆనాటి నుంచి కరుణకుమారి వేళ్ళు గుడ్డ మీద వదులు తగిలితే చాలు, నిద్రలో కూడా ఉలిక్కిపడేవి.

ఇప్పుడామెకు యాభై మూడేళ్ళు. భర్త జోసఫ్ రాజు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. తోడికోడలు సోఫియా అదే ఇంటి వరండాలో జాకెట్లు కుడుతుంది. ఒకే వరండాలో రెండు మిషన్లు, రెండు రాజ్యాలు. చదునుగా పరుచుకోవలసిన గుడ్డకు, ఒంటి వంపు కోసమంటూ మడత కుట్లు వేసి డాట్లు పెట్టి గతుకులు చేయడం కూడా ఒక పనేనా అని కరుణకుమారి ఎగతాళి చేసేది. మనుషులు చదునుగా ఉంటే తనకీ హాయేనని సోఫియా జవాబు చెప్పేది.

ఆ ఏడు శీతాకాలం చివర విశాఖపట్నంలో ప్రపంచ తెరచాప పడవల పోటీలు పెట్టారు. చూసే జనానికి ఒడ్డున నీడ వేసే పనిలో ఒక ముక్క మన్మథరావు టెంటు హౌసుకు దొరికింది. అతను ధీమాగా వెళ్ళాడు. మూడు రోజుల్లో సముద్రపు గాలి అతని షామియానాల్లో నాలుగింటిని చీల్చింది. నాలుగో రోజు తెల్లవారకముందే లారీ కరుణకుమారి గుమ్మం ముందు ఆగింది. చేతి మిషను, తోలు పట్టీ, మైనం మూటగట్టుకుని ఆమె డ్రైవరు పక్కన ఎక్కింది. తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కేటప్పటికి తూర్పున ఆకాశం ఎవరో కొత్తగా ఉతికి ఆరేసినట్టుంది.

సముద్రాన్ని ఆమె అంతకు ముందు మూడుసార్లు చూసింది, ప్రతిసారీ పిల్లల చెయ్యి పట్టుకుని, అలల కన్నా పిల్లల్ని ఎక్కువ చూస్తూ. ఈసారి చెయ్యి ఖాళీగా ఉంది. చూడబోతే, ఏం చూడాలో తెలియలేదు. అంచు లేని గుడ్డ అది. ఎక్కడ పట్టుకుని ఎక్కడ మడవాలో అందలేదు. దూరంగా కొండ కొన నీళ్ళలోకి దిగింది. దాని అవతల హార్బరులోకి పిలుపు కోసం పెద్ద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఇవతల ఇసుక మీద వందల పడవలు, చిన్నవి, ఒక్క మనిషి పట్టేవి, తెరచాపలు చుట్టిపెట్టి ఉన్నవి. వాటి మధ్య పేర్లు తెలియని దేశాల జెండాలు. ఏదో కూత వినిపిస్తే కొందరు పరుగెత్తారు, కొందరు కూర్చున్నారు. ఇంకో కూతకు కూర్చున్నవాళ్ళు లేచారు. ఎవరు దేనికి పరుగెడుతున్నారో ఆమెకు బోధపడలేదు. మన్మథరావును అడిగితే, నాలుగు రోజులుగా చూస్తున్నాననీ, ఇంతవరకూ ఎవరు గెలిచారో ఎవరు ఓడారో తనకూ పట్టుబడలేదనీ ఒప్పుకున్నాడు.

ఆమె తనకు తెలిసిన పనిలోకి దిగింది. చిరిగిన షామియానా ఒళ్ళో వేసుకుని, అరచేతికి తోలు కట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. అర్ధగంట గడిచాక తన మీద ఒక నీడ పడింది. తలెత్తితే ఒక పిల్ల. పాతికేళ్ళుంటాయేమో. ముక్కు ఎండకు కమిలి ఎర్రగా ఉంది. చేతుల్లో పెద్ద తెల్లటి గుడ్డ చుట్ట. ఆ పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని, సూది గుడ్డలోకి దిగడం, తోలు దాన్ని నెట్టడం చాలాసేపు చూసింది. తర్వాత తన చుట్ట విప్పింది.

అది తెరచాప. మధ్య అతుకు రెండు మూరల పొడవున విడిపోయింది.

పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పింది. కరుణకుమారికి ప్రార్థనల ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు గానీ ఇది ఆ ఇంగ్లీషు కాదు. దగ్గరలో ఇంజను పడవకు పెట్రోలు పోస్తున్న మనిషిని పిలిచింది మన్మథరావే. అతని పేరు జోగులు. అరవై దాటిన మత్స్యకారుడు. తాత తండ్రులు తెరచాప పడవల మీద వేటకు వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు ఈ పోటీలో బోల్తా పడ్డవాళ్ళను పైకి తీసే పడవ నడుపుతున్నాడు. నాలుగు రోజుల్లో అన్ని దేశాల ఇంగ్లీషూ చేతులతో మాట్లాడడం నేర్చాడు.

అతను విని విషయం చెప్పాడు. పొద్దున్న చాప దించుతుంటే పడవను తోసే బండి చువ్వకు తగులుకుని చిరిగిందట. పోటీవాళ్ళ కుట్టుమనిషి దగ్గర ఐదారు చాపలు ముందే పడి ఉన్నాయట. ఈమె పందెం మధ్యాహ్నం రెండు గంటలకు, అదే ఆఖరుది. అందులో మొదటి పదిమందిలో వస్తే ఇంకో పెద్ద పోటీకి వెళ్ళే చోటు దొరుకుతుంది. రాకపోతే నాలుగేళ్ళ కష్టం ఇక్కడితో సరి.

"పందెం నేర్పీ కోచ్ కూడా ఎంట నేడు పాపం ఈ గుంటకి. ఒక్కతే వొచ్చింది," అన్నాడు జోగులు.

కరుణకుమారి పేరేమిటని అడగమంది. పిల్ల తనే అర్థం చేసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మార్తా అంది. ఆ ఒక్క మాటతో పొద్దుటి నుంచీ ఊగుతున్న ప్రపంచం కాస్త కుదురుగా నిలబడింది. మార్తా అంటే బైబిల్లో, యేసు ఇంటికి వస్తే వంటింట్లో చెమటోడ్చిన బేతనియ మనిషి. పని చేసే మనిషి. కరుణకుమారి చాపను ఒళ్ళోకి లాక్కుంది.

ఆ గుడ్డ ఆమె ఎరిగిన ఏ గుడ్డలాంటిదీ కాదు. పల్చగా, ఎండిన అరిటాకులా గలగలలాడుతోంది. మిషను కింద పెట్టే ముందు, అలవాటు కొద్దీ ఇసుక మీద పట్టా పరిచి దాని మీద చాపను చాచింది. చాస్తే అది చదునుగా పరుచుకోలేదు. నడుమ ఉబ్బింది. నొక్కితే పక్కన లేచింది. వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. అతుకులు పరిశీలించింది. రెండు గుడ్డ బద్దీలు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట కొలత సమంగా లేదు. నడుమ తక్కువగా, అంచుల్లో ఎక్కువగా ఎక్కింది. మరో రెండు అతుకులూ అంతే. ఎవడో తొందర మనిషి, లెక్క లేకుండా కుట్టాడు. అందుకే చిరిగింది అనుకుంది. ఇంత దూరం నుంచి వచ్చిన పిల్ల చేతిలో ఇలాంటి పని పెట్టిన ఆ తెలియనివాడి మీద ఆమెకు కోపం వచ్చింది.

చిరిగిన అతుకు ఒక్కటే కుట్టి ఇవ్వవచ్చు. అడిగింది అంతే. కానీ ఆమె సాల్మన్‌రాజు కూతురు. మూడు అతుకులూ విప్పింది. ఈ కొస నుంచి ఆ కొసకు వేలెడు వెడల్పు ఎక్కడా తప్పకుండా సమంగా ఎక్కించి, మళ్ళీ కుట్టింది. మార్తా పడవ దగ్గర తాళ్ళు సరిచూసుకుంటోంది, ఇటు చూడలేదు. పదకొండు గంటలకు చాప పట్టా మీద చాస్తే, చెరువులో నీళ్ళలా చదునుగా పడుకుంది. మార్తా వచ్చి, తొందరలో చిరిగినచోటు ఒక్కటే చూసి, ఆ కుట్టు మీద వేలు నడిపించింది. అంత చిన్న కుట్టు చూసి నోరు తెరిచింది. కరుణకుమారిని కావలించుకుని, చాప చుట్టుకుని పరుగెత్తింది.

పన్నెండున్నరకు పులిహోర పొట్లం విప్పుకుని కూర్చున్నప్పుడు, ఒడ్డున ఒక్కొక్కటిగా చాపలు లేవడం మొదలైంది. మొదటిది లేచింది. గాలి అందుకోగానే దాని నడుమ ఉబ్బింది. అయ్యో, దీన్నీ ఆ తొందరవాడే కుట్టాడు కాబోలు అనుకుంది. రెండోది ఉబ్బింది. మూడోది. పది, ఇరవై. తెల్లటి పొట్టలు, నెలలు నిండిన తల్లుల్లా, ఒడ్డంతా బారులు తీరి నిలబడ్డాయి. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ప్రపంచంలో ఇన్ని దేశాలవాళ్ళు, అందరూ కలిసి ఒకే తప్పు చేస్తారా? లేక ఇక్కడ తప్పు ఇంకెక్కడైనా ఉందా? కళ్ళు మూసి తెరిచింది. పొట్టలు అలాగే ఉన్నాయి.

లేచి జోగులు దగ్గరకు వెళ్ళింది.

"అన్నయ్యా, ఆ గుడ్డలన్నీ ఏటి అలగ ఉబ్బిపోతన్నాయి? బిగించడం రాదా ఈళ్ళకి?"

జోగులు బీడీ తీసి పక్కన పెట్టి నవ్వాడు. "బిగిస్తే పడవేటి లాగతాది సెల్లెమ్మా? సాపకి కడుపుండాల. కడుపులో గాలి పట్టాల. మా తాత గుడ్డ కోసేటప్పుడే ఆ కడుపు కోసీవోడు. సదునుగుంటే అది సాప కాదు, దుప్పటి."

ఆమె చెవుల్లో సముద్రం ఒక్కసారి ఆగినట్టయింది. అతుకుల్లో ఆ ఎక్కువా తక్కువా లెక్క లేనిది కాదు, లెక్కే. డాట్లు అవి. గుడ్డకు గతుకులు కాదు, ఒంటికి కొలత. ఎవరి ఒంటికి? గాలి ఒంటికి. ఎవరో ఎక్కడో కూర్చుని, కనపడని గాలికి కొలత తీసి జాకెట్టు కుడితే, తాను విప్పి దుప్పటి చేసి ఇచ్చింది. సోఫియా అయితే ఈ తప్పు చేసి ఉండేది కాదు. ఊళ్ళో జాకెట్లు కుట్టే ఏ ఆడదీ చేసి ఉండేది కాదు. నలభై ఏళ్ళు వానకు భయపడినవాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఇది.

మన్మథరావు ఊరుకొమ్మన్నాడు. అడిగిన చిరుగు కుట్టావు, మిగతాది వాళ్ళ అదృష్టం, ఇప్పుడు వెళ్ళి చెబితే మన టెంటు హౌసు పేరు పోతుంది, పైగా ఆ పిల్లకు తెలియను కూడా తెలియదు అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆమెకు ఏది సరో ఒక్క క్షణం తెలియలేదు. పన్నెండూ నలభై. చెబితే పిల్ల గుండె పగులుతుంది, బహుశా పందేనికే వెళ్ళకపోవచ్చు. చెప్పకపోతే వెళుతుంది. దుప్పటి కట్టుకుని వెళుతుంది.

"ఎలిగిన మొకంతో ఎల్తంది బాబూ ఆ పిల్ల, నన్ను నమ్మి," అంది ఆమె. అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇసుకలో నడిచింది. జోగులు పిలుపు వచ్చి తన పడవ మీద అప్పటికే నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఆమె మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

మార్తా చాప ఇంకా కొయ్యకు చుట్టే ఉంది. కరుణకుమారిని చూడగానే నవ్వి, తల వంచింది, దీవించడానికి వచ్చిందనుకుని. కరుణకుమారి ఆ తల మీద చెయ్యి పెట్టలేదు. చాప మీద పెట్టింది. వద్దు అంది. నో అంది. మార్తాకు అర్థం కాలేదు. ఇంకోసారి కావలించుకుంది. కరుణకుమారి చాప వదల్లేదు. పక్క పడవలవాళ్ళు ఆగి చూశారు. మెడలో కార్డు వేసుకున్న ఒక మనిషి వచ్చి మర్యాదగానే పక్కకు తప్పుకోమన్నాడు. తన భాష గొంతులో అటూ ఇటూ కొట్టుకుంటోంది, బయటకు వస్తే పనికిరాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు పైటకొంగు గుర్తొచ్చింది. భుజం నుంచి దించి, రెండు చేతుల మధ్య బిగదీసి పట్టుకుంది, బల్లలా. మార్తాకు ఆమె చాప వైపు వేలు చూపింది. కొంగును చూపింది. తర్వాత చేతులు కాస్త దగ్గరకు తెచ్చి వదులు చేసింది. సముద్రపు గాలి కొంగులోకి దూరి గుండ్రంగా నిండింది. చుట్టూ ఉన్న చాపలన్నీ చూపింది. మళ్ళీ బిగదీసింది. తన గుండె మీద తట్టుకుంది, నేనే, నా చేతులే అని.

మార్తా ముఖంలో నవ్వు, నీళ్ళు ఇంకిపోయినట్టు మెల్లగా పోయింది. చాప విప్పింది. ఎత్తింది. గాలి వచ్చింది, గుడ్డ మీద నుంచి జారి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల తిట్టలేదు. అరవలేదు. వాచీ చూసుకుంది, చాప దించింది, తనే మోసుకుని మిషను దగ్గరకు పరుగెత్తింది. ఒకవైపు మార్తా బ్లేడుతో కుట్టు విప్పుతుంటే, రెండోవైపు కరుణకుమారి కుట్టుకుంటూ వచ్చింది. కొలతలు ఆమెకు తెలియవు. కానీ పాత సూది బెజ్జాలు గుడ్డలో ఉన్నాయి, వెలుతురుకు పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా. ఆ తెలియనివాడు నడిచిన దారిలో, అతని అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెళ్ళింది. చదును చేయాలని లాగే వేళ్ళను ప్రతి జానెడుకూ తిట్టుకుంది. ఒక అతుకు అయింది. రెండోది అయ్యేసరికి ఒంటిగంటా నలభై. మార్తా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక చాలు అన్నట్టు తలూపి, మూడోది అలాగే ఉన్న చాపతో వెళ్ళిపోయింది. అన్ని పడవలూ అప్పటికే వెళ్ళిపోయాయి. ఒడ్డు విడిచిన ఆఖరి చాప ఆమెదే.

పందెం కరుణకుమారికి ఏమీ అర్థం కాలేదు. దూరంగా కూత వేసినప్పుడు పడవల గుంపు కదిలింది. మార్తా చాప ఇంకా గుంపుకు ఇవతలే ఉంది. తర్వాత అవి చుట్టి రావలసిన, నీళ్ళ మీద గుర్తుగా తేలుతున్న ఎర్ర బుడగ వైపు వెళ్ళకుండా అడ్డంగా అటు వెళ్ళాయి, ఇటు వెళ్ళాయి, ఒకదాన్నొకటి కోసుకున్నాయి. కొన్ని వెనక్కి వస్తుంటే కొన్ని ఇంకా ముందుకు పోతున్నాయి. మైకులో ఇంగ్లీషు ఉరుకుతోంది. షామియానా కింద జనం ఎవరో చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. కొంతసేపు ఆమె మార్తా చాపను చూపుతో పట్టుకుంది, తర్వాత తెల్లదనంలో తెల్లదనం కలిసిపోయింది. ఏ చాప చూసినా అదే అనిపించింది. అన్నిటి కోసమూ కలిపి ప్రార్థన చేసింది, అలా చేయవచ్చో లేదో తెలియకుండానే.

నాలుగు దాటాక పడవలు ఒడ్డుకు వచ్చాయి. ముందు జోగులు వచ్చాడు. ఆమె నీళ్ళ అంచునే నిలబడి ఉంది.

"పన్నెండోది," అన్నాడు. "పదిలోకి రావాల. రాలేదు."

ఆమె మార్తా చాప కోసం నీళ్ళ వైపు చూసింది. "ఆ మూడో అతుకు వల్లేనా అన్నయ్యా?"

జోగులు తల గోక్కున్నాడు. చెప్పడం కష్టమన్నాడు. మొదలే రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది, అందరికన్నా వెనక. అక్కడి నుంచి ఇరవై అయిదు పడవల్ని దాటిందట. ఆ చదును చాపతో అయితే ఒక్కదాన్ని కూడా దాటేది కాదట. కానీ ఆలస్యం కాకపోయి ఉంటే ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు? మూడోది కూడా సరిగా ఉండి ఉంటే? గాలి చివర్లో పడిపోయింది కూడా.

"అంటే నాను సెప్పకుండా ఊరుకుంటే బాగుండీదా, మొత్తం కుట్టీసి బేగి పంపితే బాగుండీదా, అసలు పొద్దున్న ఆ పనే ఒల్లకుంటే బాగుండీదా?"

"నాకేటి తెల్సు సెల్లెమ్మా. గాలినడుగు."

మార్తా వచ్చింది. జుట్టు ఉప్పుకు అట్టలు కట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ఉప్పు వల్లో మరి దేనివల్లో. కరుణకుమారి రెండు చేతులూ జోడించింది. మార్తా ఆ చేతులు విడదీసి, వాటి మధ్య చాప పెట్టింది. జోగులుతో ఏదో చెప్పింది, చాలాసేపు. జోగులు విని కరుణకుమారికి చెప్పాడు.

"కోపం నేదంట. ఉన్నాదంట గానీ నీ మీద కాదంట. ఎవల మీదో ఆ గుంటకీ తెలీదంట. ఆ మూడోది కూడా కుట్టీమంటంది. మల్లీ ఎప్పుడు ఏ సముద్రం మీదకి ఎల్తాదో గానీ, ఇలగ సగం సగం పట్టుకెళ్ళదంట."

మన్మథరావు గుంజలు పీకించి లారీకి ఎత్తిస్తున్నాడు. బేగి రమ్మని రెండుసార్లు కేకేశాడు. కరుణకుమారి పట్టా మీద కూర్చుంది. మార్తా ఎదురుగా కూర్చుని గుడ్డ కొసను రెండు చేతులతో పైకెత్తి, దిగుతున్న ఎండకు అడ్డంగా పట్టుకుంది, బెజ్జాలు కనపడేలా. ఆమె ఒక్కో బెజ్జంలోకి సూది దించుతూ పోయింది. తానిప్పుడు చేస్తున్నది తప్పు దిద్దడమో, ఇంకో తప్పు మొదలుపెట్టడమో కరుణకుమారికి ఇంకా తెలియడం లేదు. గుడ్డ ఆమె వేళ్ళ కింద మెల్లగా ఉబ్బుతోంది. ఈసారి ఆమె దాన్ని నొక్కలేదు.